పోర్ట్‌బౌ దగ్గర రెండు దేశాల రైళ్లను కలపండి: స్పెయిన్ రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్పెయిన్ రవాణా శాఖ మంత్రి గారికి,

బార్సిలోనాలో ఉంటూ ఉత్తరపు రైలు దారిలో తరచు ప్రయాణించే తెలుగువాడిగా, పోర్ట్‌బౌ మున్సిపాలిటీ రాకపోకల గురించి మీకు ఒక విన్నపం చేసుకుంటున్నాను.

పిరెనీస్ కొండలు మధ్యధరా సముద్రంలోకి దిగిపోయే చోట, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ఊరి జనాభా వెయ్యికి కాస్త అటూ ఇటూ. ఇళ్లన్నీ ఒక ఇరుకు లోయలోనే సర్దుకున్నాయి. వాటికి పైన, కొండను తొలిచి చదును చేసిన జాగాలో, 1929 నాటి ఇనుప కప్పుతో ఒక మహానగరానికి సరిపోయేంత స్టేషన్ నిలబడి ఉంది.

అంత స్టేషన్ ఎందుకు కట్టారో మీకు తెలియనిది కాదు. 1878లో రైలు మార్గం ఇక్కడ సరిహద్దు దాటినా, మీ పట్టాల మధ్య దూరం 1668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్‌ది 1435 మిల్లీమీటర్లు కావడంతో, సరుకంతా ఒక బండిలోంచి దించి మరో బండిలోకి ఎక్కించవలసి వచ్చేది. సొరంగానికి అవతలి ఫ్రెంచి ఊరు సెర్బేర్‌లో నారింజపళ్లను అలా మోసిన స్త్రీలు 1906లో సమ్మెకు కూడా దిగారు. ప్రయాణికులకు ఆ తిప్పలు నేటికీ తప్పలేదు: ఫ్రాన్స్ వెళ్లేవారు సెర్బేర్‌లోనూ, స్పెయిన్‌కు వచ్చేవారు పోర్ట్‌బౌలోనూ బండి మారాలి. గుంతకల్లులో మీటర్ గేజ్ బండి దిగి బ్రాడ్ గేజ్ బండి కోసం పరుగెత్తిన మా పాత తరానికి ఈ అవస్థ విడమరచి చెప్పనక్కరలేదు.

1969 నుంచి చక్రాల మధ్య దూరాన్ని మార్చుకోగల తాల్గో రైలు బార్సిలోనా నుంచి ఇక్కడి మీదుగానే జెనీవా దాకా వెళ్లేది. 1993లో యూరప్ ఉమ్మడి మార్కెట్‌తో కస్టమ్స్ పని పోయింది. 2010లో తీరానికి దూరంగా, హై స్పీడ్ రైళ్ల కోసం తవ్విన పెర్తూస్ సొరంగం తెరిచాక తాల్గో ఆగిపోయింది. 2013 నుంచి పారిస్ రైళ్లు నేరుగా ఫిగేరస్ మీదుగా బార్సిలోనా చేరుతున్నాయి. హై స్పీడ్ మార్గం మంచిదే, దాన్ని తప్పుపట్టడం లేదు. అయితే మోటారు రహదారి కూడా లోపలగా లా జుంకేరా మీదుగానే పోతుంది కనుక, తీరం వెంబడి ఉన్నవారికి మిగిలింది మలుపులమయమైన ఎన్-260 రోడ్డూ, ఈ రైలూ మాత్రమే. 1940లో ఇక్కడ మరణించిన జర్మన్ తత్వవేత్త వాల్టర్ బెన్యమిన్ స్మారకాన్ని చూడవచ్చేవారికీ ఇవే దారులు.

నేను కొత్త పట్టాలు అడగడం లేదు. ఒక దేశపు బండి కొద్ది నిమిషాలు ఆలస్యమైతే రెండో దేశపు బండి దాని కోసం ఆగాలి. సరిహద్దుకు ఇరువైపులా ఒకే టికెట్ చెల్లాలి. రెండు స్టేషన్లలోనూ రెండు దేశాల బండ్ల వేళలు ఒకే బోర్డు మీద కనిపించాలి. ప్రాంతీయ రైళ్ల బాధ్యత కాటలోనియా ప్రభుత్వానిదని మీ అధికారులు అనవచ్చు. కానీ పట్టాలూ స్టేషనూ చూసే అదిఫ్, బండ్లు నడిపే రెన్‌ఫే మీ శాఖ కిందివే. కాటలోనియానూ అవతలి ఒక్సితానీ ప్రాంతాన్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి మీకంటే తగినవారు లేరు.

యూరప్ రైళ్ల కాలపట్టిక ఏటా డిసెంబరు మధ్యలో మారుతుంది. ఆలోగా ఆ సమావేశం జరిపించి, కనీసం బండ్ల వేళలైనా కలిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
తీరపు రైలు ప్రయాణికుడు, బార్సిలోనా