ఎండీఎస్ పరీక్షకు ముందు లెక్క చేతికి రావాలి

సంపాదకులకు నమస్కారం.

దంతవైద్యంలో పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ దగ్గరపడిందంటే బీడీఎస్ హౌస్ సర్జన్ల చేతుల్లో ఒకే రకం నోట్సు కనిపిస్తుంది. ఏ పన్ను ఏ వయసులో వస్తుంది, ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు అని వరసగా అంకెలు. వాటిని వల్లెవేస్తే కొన్ని మార్కులు వస్తాయి, నిజమే. కానీ అనాటమీ, ఫిజియాలజీ మొదటి ఏడాదిలో, ఫార్మకాలజీ, డెంటల్ మెటీరియల్స్ రెండో ఏడాదిలో అయిపోతాయి. పరీక్ష నాటికి వాటి ముఖం చూసి మూడేళ్లవుతుంది. కారణం తెలియని అంకె అన్నాళ్లు నిలవదు. బేసిక్, క్లినికల్ సబ్జెక్టులను వేర్వేరు నెలలకు పంచుకోకుండా ఒకే పూటలో పక్కపక్కన పెట్టి చదవాలని విద్యార్థులకు మా విన్నపం.

మత్తు ఇంజెక్షన్‌నే తీసుకుందాం. గుండెజబ్బు ఉన్న రోగికి ఎంత ఇవ్వవచ్చని అడిగితే ‘రెండు కార్ట్రిడ్జ్‌లు’ (ముందే మందు నింపిన గొట్టాలు) అని ఠక్కున చెబుతారు. అది 1:1,00,000 అడ్రినలిన్ (రక్తనాళాలను కుదించి మత్తును ఎక్కువసేపు నిలిపే మందు) ఉన్న 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌కు సరిపోయే జవాబు. మన ఓపీల్లో తరచూ కనిపించేది 1:80,000 ఉన్న 30 మి.లీ. వయల్ (మందు సీసా), 2 మి.లీ. సిరంజి. ప్రశ్నలో నిష్పత్తి మారగానే కంఠతా పట్టింది అక్కరకు రాదు. 1:80,000 అంటే 80,000 మి.లీ.లో ఒక గ్రాము, అంటే మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు. ఆ రోగికి అడ్రినలిన్ పరిమితి 40 మైక్రోగ్రాములు. భాగిస్తే 3.2 మి.లీ., అంటే సిరంజిన్నర మీద కొంచెం. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద చేసినవారు మళ్లీ మరిచిపోరు.

ఆ ఇంజెక్షన్‌లోని అసలు మత్తుమందు లిగ్నోకెయిన్ మోతాదులోనూ ఇదే చిక్కు. 2 శాతం మందులో మిల్లీలీటరుకు 20 మి.గ్రా. ఉంటుంది. 50 కిలోల మనిషికి కిలోకు 4.4 మి.గ్రా. చొప్పున 11 మి.లీ., 7 మి.గ్రా. చొప్పున 17.5 మి.లీ. అడ్రినలిన్ లేనప్పుడు మొదటిది, ఉన్నప్పుడు రెండోది. పాఠ్యపుస్తకాల పాత ఎడిషన్లలో రెండింటికీ 4.4 అనే కనిపిస్తుంది. అందుకే అంకె పక్కన ఏ పుస్తకం, ఏ ఎడిషన్ అన్నది తప్పక రాసుకోవాలి.

చీము పట్టిన పన్ను ఎందుకు మొద్దుబారదన్న ప్రశ్నకూ జవాబు ఫార్మకాలజీలోనే ఉంది. లిగ్నోకెయిన్ పీకేఏ (మందు సగం బేస్‌గా, సగం అయాన్‌గా ఉండే పీహెచ్) 7.9. కణజాలం పీహెచ్ 7.4 ఉన్నప్పుడు నరం పొరను దాటగల బేస్ రూపంలో సుమారు 24 శాతం మందు ఉంటుంది. చీము చోట ఆమ్లత పెరిగి పీహెచ్ 6.4కు పడిపోతే 3 శాతమే మిగులుతుంది. మందు పోసినంత పోసినా లోపలికి వెళ్లేది అంతే. వాపునకు దూరంగా నెర్వ్ బ్లాక్ ఎందుకు ఇస్తారో దీంతో తెలిసిపోతుంది.

డెంటల్ మెటీరియల్స్‌లో జిప్సం (పళ్ల నమూనాలు పోసే పొడి) రకాల పట్టిక చాలామందికి గుదిబండ. 100 గ్రాముల పొడి గట్టిపడటానికి రసాయనికంగా 18.6 మి.లీ. నీరు చాలు. ప్లాస్టర్‌కు 45–50, స్టోన్‌కు 28–30, డై స్టోన్‌కు 22–24 మి.లీ. పోస్తాం, ఎందుకంటే గరుకైన, బోలు కణాలకు నీరు ఎక్కువ కావాలి. మిగులు నీరు ఆరిపోయి రంధ్రాలు వదులుతుంది, బలం తగ్గుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే పట్టిక దానంతటదే వస్తుంది.

పరీక్షలో 240 ప్రశ్నలు, 3 గంటలు. మొదటి భాగం 100 ప్రశ్నలకు 75 నిమిషాలు, రెండో భాగం 140కి 105. ప్రశ్నకు 45 సెకన్లు. మొదటి భాగం సమయం ముగిశాక వెనక్కి వెళ్లే వీల్లేదు కాబట్టి ఇంట్లో మాక్ టెస్టూ అలాగే రాయాలి. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. నాలుగింటిలో రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మిగతా రెంటిలో ఒకటి పెట్టడం సగటున ఒకటిన్నర మార్కు లాభమే. భయంతో ఖాళీగా వదిలేయడం నష్టం. తప్పులను మూడు రకాలుగా రాసుకోవాలి: అసలు తెలియనివి, లెక్క తప్పినవి, ‘కానిది ఏది’ అన్న మాట చూడక పోయినవి. ఈ మూడో రకానికి ఎంత చదివినా మందు లేదు, ప్రశ్నను నిదానంగా చదవడమే.

మీ విద్యా పేజీలో ఈ పరీక్షకూ కాస్త చోటివ్వండి. వారానికి ఒక్క ప్రశ్న, జవాబుతోపాటు లెక్క మొత్తం వేస్తే చాలు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరోసిస్‌తో మొదలుపెట్టవచ్చు. ఫ్లోరోసిస్ తీవ్రతను కొలిచే డీన్ సూచికలోని 0, 0.5, 1, 2, 3, 4 స్కోర్లను మన ఊళ్ల పిల్లల పళ్ల ఫొటోల పక్కన అచ్చు వేయండి, పిల్లల ముఖాలు కనిపించకుండా.

— దంతవైద్య అధ్యాపకులు, విజయవాడ