జీరో టికెట్ సరే, మా ఊరికి బస్సేదీ?

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ కొట్టే స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు బస్సుల్లో రద్దీ గురించి, సీట్ల దగ్గర గొడవల గురించి వార్తలు చదువుతూనే ఉన్నాను. రద్దీ ఉంటే మంచిదే. ఖాళీ బస్సులో కూర్చుని సాయంత్రం వేబిల్లులో టికెట్ల లెక్క రాసిన వాళ్లకే ఆ విలువ తెలుస్తుంది. నేను కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, ఉదయగిరి వైపు. నేను రాసేది బస్సులో సీటు దొరకనివాళ్ల గురించి కాదు, అసలు బస్సే రాని ఊళ్ల గురించి.

పొద్దున ఏడింటప్పుడు మా వైపు ఏ క్రాస్ రోడ్డు దగ్గరైనా నిలబడి చూడండి. లోపలి ఊరి నుంచి ఆటో వస్తుంది. ముగ్గురు ఎక్కాల్సిన బండిలో డ్రైవరుకు అటొకరు, ఇటొకరు, వెనక సీట్లో ఐదారుగురు, ఆ వెనక కాళ్లు బయటికి వేలాడేసుకుని బడి పిల్లలు, టాపు మీద నిమ్మకాయల బస్తా. ఆడవాళ్లు దిగి, కొంగు ముడి విప్పి ఆటో అబ్బాయికి డబ్బులిచ్చి, ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని ఉచిత బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడతారు. రోడ్డెక్కాక ప్రయాణం ఉచితం. రోడ్డు దాకా రావడానికే ఖర్చు. సాయంత్రం కాస్త పొద్దుపోయిందంటే షేర్ ఆటోలు ఉండవు, స్పెషల్ మాట్లాడుకోవాలి. ఆ రేటు ఆటో అబ్బాయి దయ, మన అవసరం. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు కదా అంటారు. బస్సు లేదని అర్జీ ఇవ్వాలన్నా సీతారామపురం అవతలి ఊరి మనిషి ముందు ఆటోకి డబ్బులు చూసుకోవాలి.

లోపలి ఊళ్ల ట్రిప్పులు ఎందుకు ఆగిపోతాయో బయటివాళ్లకు తెలియదు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. ట్రిప్పుకు వచ్చిన డబ్బును తిరిగిన కిలోమీటర్లతో భాగిస్తే వచ్చేది ఈపీకే. ఎన్ని సీట్లు నిండాయో చెప్పేది ఓఆర్. ఈ రెండూ చూసి సర్వీసు ఉంచాలా, ఎత్తెయ్యాలా అని తేలుస్తారు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఏడెనిమిది కిలోమీటర్ల ముక్క పొద్దున కిటకిటలాడుతుంది, మధ్యాహ్నం ఖాళీగా తిరుగుతుంది. రెండూ కలిపి లెక్కేస్తే సరాసరి పడిపోతుంది. ముందు మధ్యాహ్నం ట్రిప్పు పోతుంది, ఆ తర్వాత నైట్ హాల్ట్, అంటే రాత్రికి బస్సు ఊళ్లోనే ఆగడం, పోతుంది. పొద్దున తొలి బస్సుకు పట్నం పోవచ్చన్న ధీమా కూడా దాంతోనే పోతుంది.

ఈ లెక్కలో ఒకటి తప్పిపోతుంది. లోపలి ఊళ్లో ఎక్కిన మనిషి క్రాస్ రోడ్డు దగ్గర దిగి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నెల్లూరు వెళ్తాడు. నెల్లూరు టికెట్ డబ్బంతా ఎక్స్‌ప్రెస్ ఖాతాలో పడుతుంది, లోపలి ట్రిప్పు ఖాతాలో చిల్లరే కనబడుతుంది. చిన్న ట్రిప్పు ఆగిపోతే ఆ మనిషి మోటారు సైకిల్ కొనుక్కుంటాడు, ఎక్స్‌ప్రెస్ కూడా అతన్ని పోగొట్టుకుంటుంది. ఇది ఏ స్టేట్‌మెంటులోనూ కనిపించదు. పైగా 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులందరినీ ప్రభుత్వంలో కలిపేశారు. జీతాలు ప్రభుత్వం ఇస్తున్నప్పుడు పల్లె ట్రిప్పును మాత్రం కిలోమీటరుకు ఇంతొస్తేనే అనడంలో న్యాయం ఏముంది? ఊరి బడికి ఈపీకే అడగం కదా.

డబ్బు లేదంటే నేను ఒప్పుకోను. ఉంది, కాకపోతే ముక్కలు ముక్కలుగా ఉంది. జీరో టికెట్ విలువను ప్రభుత్వం ఆర్టీసీకి కడుతోంది. ఉచిత బస్సుతో గిరాకీ తగ్గిందని ఆటో డ్రైవర్లకు 2025 అక్టోబరులో ఒక్కొక్కరికి 15,000 రూపాయలు వేసింది. బడి దూరమైన పిల్లలకు సమగ్ర శిక్షా కింద ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఉంది. ఏ ముక్కకు ఆ ముక్క మంచిదే, కానీ మూడూ కలిసినా ఊరికి ఒక టైముకు వచ్చే బండి లేదు. ఆటో డ్రైవరుకు ఇచ్చిన 15,000కు బదులుగా ఏ వేళకు ఏ ఊరు వెళ్లాలని ఎవరూ అడగలేదు. అడగాలి. ఈ మూడు ముక్కలూ కలిపి, తక్కువ పడింది ప్రభుత్వం వేస్తే, పన్నెండు పద్నాలుగు సీట్ల చిన్న బండి టైము ప్రకారం రోజుకు నాలుగు ట్రిప్పులు ఎందుకు తిరగదు?

పక్క రాష్ట్రాల్లో దారులు వెతుక్కున్నారు. తమిళనాడులో బస్సు లేని ఊళ్లకు మినీ బస్సులు 1997లోనే వచ్చాయి. కేరళలో 2022లో గ్రామవండి అని పెట్టారు. బస్సు, సిబ్బంది ఆర్టీసీవి, డీజిల్ ఖర్చు పంచాయతీది. రూటు, టైము పంచాయతీ అడిగినట్టు. మన దగ్గర చట్టం కూడా అడ్డం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 67వ సెక్షన్‌లో మూడో ఉప సెక్షన్ చేరింది. గ్రామీణ రవాణా కోసం, చివరి ఊరి దాకా బండి నడపడం కోసం రాష్ట్ర ప్రభుత్వమే స్కీము పెట్టి లైసెన్సులు ఇవ్వొచ్చని అందులో ఉంది.

ఆ బండి ఎవరి చేతిలో పెట్టాలంటే, పొదుపు సంఘాల చేతిలో పెట్టమంటాను. కేంద్రం 2017లో తెచ్చిన ఆజీవిక గ్రామీణ్ ఎక్స్‌ప్రెస్ పథకం ఉద్దేశం ఇదే. సంఘం డబ్బుతో బండి కొని, దాన్ని ఊళ్ల మధ్య తిప్పే బాధ్యత సంఘ సభ్యురాలే చూసుకోవాలి. దేశంలో 250 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. ఆడవాళ్లకు బస్సులు నడపడం ఏం తెలుసని నవ్వేవాళ్లు మా జిల్లాలో ఉండకూడదు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయిస్తే, ఆ మంట రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు ఉద్యమం నెల్లూరు జిల్లాలో పుట్టింది. లక్షల అప్పులు తెచ్చి వాయిదా తప్పకుండా కడుతున్న సంఘాలకు డీజిల్ లెక్క రాసుకోవడం ఒక పనా!

మా పాత సహోద్యోగులు కొందరు దీన్ని దొడ్డిదారి ప్రైవేటీకరణ అంటారని తెలుసు. ఆర్టీసీ తిరిగే రోడ్డు మీద ఈ బండి తిరగకూడదని నేనూ అంటాను. క్రాస్ రోడ్డు దాకానే రావాలి, ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు అక్కడ ఉండాలి. టైము డిపో వాళ్లే వెయ్యాలి. డ్రైవరు చేతికి కూడా టికెట్లు కొట్టే టిమ్ మిషన్ ఇచ్చి ఆడవాళ్లకు అందులోంచే జీరో టికెట్ కొట్టించాలి. ఇప్పుడు ఆటోలు తిప్పుతున్న కుర్రాళ్లనే డ్రైవర్లుగా తీసుకుంటే వాళ్ల పొట్ట కొట్టినట్టూ కాదు. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ మాత్రం సంఘం మీద వదలకుండా ప్రభుత్వం భరించాలి. చిన్న బండ్లు మూలన పడేది చాలావరకు ఆ దగ్గరే.

రాష్ట్రమంతా ఒకేసారి పెట్టమని అడగడం లేదు. సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు మండలాల్లో ఏడాది నడిపి చూడమని రవాణా శాఖ మంత్రిగారిని, జిల్లా కలెక్టరుగారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ట్రిప్పుల టైములు, బండి రాకపోతే ఫోన్ చేయాల్సిన నంబరు గ్రామ సచివాలయం గోడ మీద పెయింటుతో రాయించాలి. కాగితం అంటిస్తే వారానికే చిరిగిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా.