గాయరాన్‌లో నల్లపొర

అందరికీ రామ్ రామ్. దెగ్లూరు రోడ్డు పక్క మన గాయరాన్ (ఊరి ఉమ్మడి మేత భూమి) ఫోటో పెడితే, నేల మీద ఎవరైనా ఆయిల్ పోశారా అని అడిగారు. ఆయిల్ కాదు, అది ప్రాణమున్న పొర. నాచు, బూజు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు కలిసి అల్లుకున్నది. ఆ సూక్ష్మజీవులు సన్నని దారాల్లా పెరిగి, జిగురు వదిలి మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. కొన్ని గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి కూడా (యూరియా బస్తా ధర తెలిసినవాళ్లకు వేరే చెప్పాలా!). ఎండాకాలమంతా చచ్చినట్టు పడి ఉంటుంది. కాసిన్ని నీళ్లు చల్లి చూడండి, నిమిషాల్లో పచ్చబడుతుంది. పిల్లలకు భలే సరదా.

కానీ ఎండినప్పుడు మహా పెళుసు. గొర్రెల గిట్టలు, బైకు టైర్లు పడితే పొడి పొడే. మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. ఈలోగా మిరుగు (మృగశిర కార్తె) వానలకు పైమట్టి వాగు పాలు.

మేపొద్దని అనడం లేదు. మందలున్నవాళ్లు ఎక్కడికి పోతారు? నీళ్లకు తోలేటప్పుడు పాత బాటలోనే తోలండి, కొత్త దారులు తొక్కించొద్దు. గుట్ట వాలును మాత్రం వానలు కుదురుకునేదాకా వదిలేద్దాం. కుదరదనుకునేవాళ్లు ఇక్కడే చెప్పండి, మాట్లాడుకుందాం.