కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

మంచినీటి పైపులైను, వీధిదీపాలు, పార్కు గోడ పనులు పూర్తయ్యాయి. లెక్కలు కోశాధికారిగారు విడిగా చదువుతారు. ఈ ఏడాది సంఘం మనసుపెట్టి చేసిన పని, కమ్యూనిటీ హాల్లో అణు విద్యుత్తుపై జరిపిన ఆదివారం సమావేశాలు.

ఈ విషయమే ఎందుకని కొందరు అడిగారు. ఏ.ఎస్.రావు నగర్ మనకు పక్కనే. ఆ పేరు అణుశక్తి శాఖ వారి ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుగారిదని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మన దగ్గరే ఉన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో దేశంలోని రియాక్టర్లకు ఇంధనం తయారవుతుందన్నా నమ్మలేదు.

అక్కడ రిటైరైన మన సభ్యులు ఒకరు చెక్కతో చేయించిన ఇంధన కట్ట నమూనా తెచ్చారు. యురేనియం పొడిని అదిమి, కొలిమిలో కాల్చి బిళ్లలు చేస్తారు. వాటిని జిర్కలాయ్ అనే మిశ్రలోహపు గొట్టాల్లో నింపుతారు. 220 మెగావాట్ల రియాక్టరుకైతే అలాంటి 19 గొట్టాలు ఒక కట్ట. పొడవు అర మీటరు, బరువు 16 కిలోల పైమాటే. రియాక్టరు నడుస్తుండగానే పాత కట్ట తీసి కొత్తది పెట్టవచ్చు. కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 2018 డిసెంబరు వరకు 962 రోజులు ఆగకుండా నడిచిందంటే ఆ వెసులుబాటు ఉండబట్టే.

“తాతయ్యా, మా ఇంట్లో లైటు దీనితోనే వెలుగుతుందా?” అని ఆరో తరగతి పాప అడిగింది. “గ్రిడ్‌లో కలిశాక ఏ కరెంటు ఎక్కడిదో విడదీయలేం తల్లీ, కైగా కరెంటులో మాత్రం మన తెలంగాణకూ వాటా ఉంది” అన్నారాయన. ఆ రోజు హాల్లో ఎవరూ తొందరగా లేవలేదు.

తర్వాతి సమావేశం వేడిగా జరిగింది. చెర్నోబిల్, ఫుకుషిమా అణు ప్రమాదాల సంగతి ఎత్తినవారికి సమాధానాలు దొరికాయి గానీ, నల్లమల ప్రస్తావన దగ్గర అందరం ఆగిపోయాం. అక్కడి అమ్రాబాద్ అడవిలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో మన శాసనసభే తీర్మానం చేసింది. మన పెద్దలు చేసిన పని మీద నాకు గర్వం. పొగ లేని కరెంటు కావాలనీ గట్టిగా నమ్ముతాను. కానీ చెంచుల అడవిని తవ్వి తెచ్చుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఈ మాట సమావేశంలోనూ చెప్పాను.

చెక్క నమూనా ఇప్పుడు మన గ్రంథాలయంలో ఉంది. హాలు పైకప్పు మీద సోలార్ పలకల ప్రతిపాదన ఈ సభ ముందుంచుతున్నాం. వచ్చే ఏడాది మొదటి సమావేశం ఈ రియాక్టర్లలో వాడే భారజలం గురించి. మణుగూరు భారజల కర్మాగారంలో పనిచేసినవారు మనలో ఉంటే దయచేసి పేరివ్వండి.

– కార్యదర్శి