వార్షిక నివేదిక 2025–26: మన పాత బిల్డింగులోకి ఫైబర్

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీ సమయం ఎక్కువగా ఇంటర్నెట్ లైన్ల పనికే పట్టింది. నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మన బిల్డింగు 1990లలో కట్టింది. అప్పటి ప్లానులో కరెంటుకి, నీళ్లకి, ల్యాండ్‌ఫోనుకి దారులున్నాయి గానీ నెట్‌కి లేదు. తర్వాత వచ్చిన కేబుల్ వాళ్లూ నెట్ వాళ్లూ వీధి స్తంభం నుంచి టెర్రస్ మీదికి తీగ లాగి, బాల్కనీల్లోకి వేలాడదీసుకుంటూ పోయారు. కనెక్షన్ మార్చినా పాత తీగ మాత్రం తీసేవారు కాదు. నెట్‌ని ఫ్లాట్లకి పంచే, మెట్ల దగ్గరి స్విచ్ బాక్సులకి మన కామన్ మీటర్ నుంచే కరెంటు. పిడుగుల వానకి ఒక బాక్సు కాలిందంటే దాని కింద ఉన్న ఫ్లాట్లన్నిటికీ నెట్ పోయేది.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున తొలగించారు. మన దగ్గరా నెట్ పోయింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చారు. ఆ కుటుంబాల నష్టం ముందు మన ఇబ్బంది ఏపాటిది? వీధిలో వేలాడే తీగల్లో మన బిల్డింగువీ ఉన్నాయి కాబట్టి, మన వంతు సరిచేయాలని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది.

ఒక కంపెనీ మొత్తం ఉచితంగా వేస్తామంది, కానీ కొన్నేళ్ల పాటు ఇంకెవరినీ లోపలికి రానివ్వకూడదని షరతు పెట్టింది. మేం ఒప్పుకోలేదు. రేపు రేటు పెరిగినా, సర్వీసు పాడైనా మనకు వేరే దిక్కుండదు. షాఫ్టు (తీగలు అంతస్తుల మధ్య పైకి వెళ్లే నిలువు సందు), మెట్లు, టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి, వాటిని ఒకరికే రాసివ్వడం సబబు కాదని కమిటీ అభిప్రాయం. అందుకే లోపలి లైన్లు సంఘమే వేయించింది. డబ్బు సంఘం కార్పస్ నిధి నుంచి తీశాం. ఆడిట్ అయిన లెక్కలు జతచేశాం.

పని ఇలా జరిగింది. సెల్లార్‌లో, వాన నీళ్లు చేరని ఎత్తులో, తాళం ఉన్న ఒక ప్యానెల్ పెట్టాం. పాత టెలిఫోన్ షాఫ్టులో పైపు వేసి, ప్యానెల్ నుంచి ప్రతి ఫ్లాటుకి రెండు ఫైబర్లు (కాంతి రూపంలో సిగ్నల్ మోసే సన్నని గాజు తీగలు) తీసుకెళ్లాం. ఒకటి వాడకానికి, ఒకటి స్పేర్. ఏ కంపెనీ అయినా తన లైను సెల్లార్ దాకా తెస్తే చాలు. మీరు కంపెనీ మార్చుకుంటే ప్యానెల్‌లో జంపర్ (రెండు లైన్లని కలిపే చిన్న తీగ) మారుతుందే తప్ప గోడకి మళ్లీ రంధ్రం పడదు. కాంతిని ఇళ్లకి పంచే స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదు కాబట్టి మెట్ల దగ్గరి బాక్సులన్నీ తీసేశాం.

పాత గోడల్లో మలుపులు ఎక్కువ. ఫైబర్‌ని మరీ వంచితే సిగ్నల్ పడిపోతుంది. అందుకని 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం వంపు వరకు తట్టుకునే జి.657.ఏ2 రకమే వాడమన్నాం. స్టీలు గుండా కరెంటు పాకగలదు కాబట్టి, లోపల స్టీలు తీగ ఉన్న కేబుల్‌ని షాఫ్టులోకి రానివ్వలేదు. స్లాబుల్లో వేసిన రంధ్రాలన్నిటినీ మంటని ఆపే సీలెంట్‌తో మూయించాం. కాంట్రాక్టరు ఇది అనవసర ఖర్చన్నారు. కింది అంతస్తులో నిప్పంటుకుంటే పొగ ఆ రంధ్రాల గుండా కూడా పైకి పాకుతుంది కాబట్టి ఇందులో రాజీపడలేదు.

అమెరికాలో ఉన్న ఓనర్లు వాట్సాప్‌లో అనుమతి పంపి, తాళాలు బంధువులతో తీయించారు. వాళ్లకి ప్రత్యేక ధన్యవాదాలు. కొందరు పెద్దవాళ్లకి ల్యాండ్‌లైన్ నంబరే ఊళ్లో అందరికీ తెలిసిన నంబరు. వాళ్లు తమంతట తాము ఫైబర్‌కి మారేదాకా రాగి తీగ కదిపేది లేదు.

సభ్యులు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు పవర్ మీటర్ (ఫైబర్‌లో వచ్చే కాంతి బలాన్ని కొలిచే పరికరం) రీడింగు రాయించుకోండి. మామూలు జీపాన్ (ఒక ఫైబర్ లైనుని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) కనెక్షన్‌లో అది మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని చెప్పే కొలత) కంటే దిగజారితే లైన్లో లోపం ఉన్నట్టే. రీడింగు బాగుండి కూడా బెడ్‌రూంలో నెట్ స్లోగా ఉంటే చాలాసార్లు కారణం మన తొమ్మిదంగుళాల గోడలే. రౌటర్‌ని టీవీ అల్మారా వెనక కాకుండా హాలు మధ్యకి మార్చి చూడండి. ఒక జీపాన్ లైన్లో డౌన్‌లోడ్‌కి వచ్చే సెకనుకి సుమారు 2.5 గిగాబిట్లను ఆ స్ప్లిటర్ మీది ఇళ్లన్నీ పంచుకుంటాయి. ఎన్ని ఇళ్లకి పంచుతున్నారో కంపెనీని అడగడం మీ హక్కు. ఇంట్లోని బాక్సుకి మాత్రం కరెంటు కావాలి, దాన్ని ఇన్వర్టర్ లైన్లో పెట్టించుకోండి.

2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, డిజిటల్ కనెక్టివిటీని బట్టి భవనాలకు రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్లు దీన్ని చూపించి అద్దెదారులను ఆకట్టుకునే రోజులు వస్తాయి. మన ఫ్లాట్లు వాటికి తీసిపోకూడదన్నది కమిటీ పట్టుదల.

ఇక మిగతా పనులు: సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకులు శుభ్రం చేయించాం. లిఫ్టు రోపు మార్చాం. ఇంకుడు గుంతలో పూడిక తీయించాం. వినాయక చవితికి ఈసారీ మట్టి విగ్రహమే పెట్టాం.

టెర్రస్ మీద ఇంకా కొన్ని పాత తీగలు ఉన్నాయి. ఎవరివో తెలియనివి నోటీసు ఇచ్చాక తీసేస్తాం. మీవి వాడకంలో ఉంటే ఫ్లాట్ నంబరుతో చీటీ కట్టండి. సెల్లార్ ప్యానెల్ వాడుకునే కంపెనీల నుంచి నిర్వహణ రుసుము తీసుకోవాలా, తాళం ఎవరి దగ్గర ఉండాలి అన్న రెండు విషయాలు జనరల్ బాడీ తేల్చాలి. రాలేనివాళ్లు అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇవ్వగలరు.

కార్యదర్శి, అపార్ట్‌మెంట్ ఓనర్స్ సంఘం