సవరలో పలికిన మాట ఎవరు వింటారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పక్షవాతం వచ్చిన మనిషి మంచం దిగుతాడా లేదా అన్నది మెదడులో ఎంత నెత్తురు కారిందన్న దానితోనే తేలిపోదు. అతడు ఏ ఊరికి తిరిగి వెళ్లాడు, ఏ భాష మాట్లాడతాడు అన్నదీ అందులో ఉంటుంది. ఈ సంగతి నేను ఒకే ఏడాదిలో రెండు ఇళ్లలో చూశాను.

మొదటిది మా అన్నయ్య ఇల్లు, శ్రీకాకుళం పట్టణంలో. బీపీ మాత్రలు మానేసిన కొన్నాళ్లకు మెదడులో ఎడమవైపు రక్తనాళం చిట్లి, కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట పోయింది. రెండోది మందస వైపు కొండల్లో సవర గిరిజనులు ఉండే ఒక గూడెం. ఆశ్రమ పాఠశాలలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి తండ్రికి అదే జబ్బు, అదే వైపు వచ్చింది. వయసులో ఆయన మా అన్నయ్య కన్నా పన్నెండేళ్లు చిన్న.

అన్నయ్య ఇంటికి వచ్చిన మూడో రోజు నుంచే ఫిజియోథెరపిస్టు రావడం మొదలుపెట్టారు. పూటకింత అని ఇచ్చుకోగలిగాం. వదిన పక్కన కూర్చుని, పసిపిల్లవాడికి నేర్పినట్టు ఒక్కొక్క మాటా పలికించేది. అయిదో నెలలో అన్నయ్య కర్ర పట్టుకుని వీధి చివరి టీకొట్టు దాకా నడిచారు. గూడెం మనిషిని మాత్రం కొండ మొదలు దాకా ఆటోలో తెచ్చి, అక్కడి నుంచి డోలీలో మోసుకెళ్లారు. వెంట పదిహేను రోజుల మాత్రలు, వ్యాయామాలు తెలుగులో రాసిన ఒక కాగితం ఉన్నాయి. కూతురు విశాఖలో పనికి తిరిగి వెళ్లాక ఆ కాగితం చదివేవాళ్లే లేకపోయారు. మూడో నెలకు వీపున పుండ్లు పడ్డాయి.

ఒక్క విషయం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆసుపత్రిలో ఆయన్ని తెలుగులో పేరు అడిగారు, చెయ్యి ఎత్తమన్నారు. జవాబు రాలేదు. మాట లేదని, చెప్పింది గ్రహించడం లేదని కాగితం మీద రాసుకున్నారు. ఆ రాత్రి కూతురు నీళ్లు కావాలా అని సవరలో అడిగితే, తల ఊపి, తన భాషలో నీళ్లన్న మాట పలికాడట. తెల్లారి ఆ సంగతి డాక్టరుకు చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. గ్రహింపు లేదని రాసేసిన మనిషికి మాట నేర్పించాలని ఎవరికి తోస్తుంది? నేను డాక్టర్లను తప్పుపట్టడం లేదు. వాళ్ల పక్కన సవర తెలిసిన మనిషిని ఒక్కరిని కూడా మనం పెట్టలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోదే. ఆయన సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన విగ్రహానికి దండలు వేస్తున్నాం. ఆయన నేర్చుకున్న ఆ భాషకు ఆసుపత్రిలో చోటివ్వలేకపోయాం.

అమెరికాలో ఈ తేడాలను జాతులవారీగా పరిశీలించారు. ఎరిక్ అనే అధ్యయనంలో మెదడులో రక్తస్రావమైన తెల్లవారిని, నల్లవారిని, లాటిన్ అమెరికా మూలాలున్నవారిని వెయ్యేసి మంది చొప్పున తీసుకున్నారు. నల్లవారికి, లాటిన్ మూలాలవారికి ఈ జబ్బు చిన్న వయసులోనే వస్తోంది. మందు వాడని రక్తపోటు, ఆరోగ్య బీమా లేకపోవడం కూడా వారిలోనే ఎక్కువ. అయితే మందు వాడని రక్తపోటు ముప్పును బాగా పెంచుతున్నది మూడు వర్గాలవారిలోనూ. కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన రాత అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు.

రక్తస్రావాన్ని తట్టుకుని బతికినవారిలో కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే గూడేన్ని వదిలేస్తున్నాం. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ప్రభుత్వం నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది ఇవ్వాల్సిందే, ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. కానీ ఆ మొదటి నెలల్లో వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టును పంపితే వారిలో కొందరైనా లేచి నడుస్తారు కదా! రోగిని ఇంటికి పంపిన రోజే ఆ ఊరి ఏఎన్ఎంకు కబురు అందాలి. బీపీ మాత్రలు నెలకు సరిపడా గూడెంలోనే దొరకాలి. గిరిజనులు వచ్చే ప్రతి ఆసుపత్రిలోనూ సవర తెలిసిన ఉద్యోగి ఉండాలి. ఆ భాష వచ్చి, చదువుకుని, ఉద్యోగం లేక ఉన్న యువతీ యువకులు నా పాత విద్యార్థుల్లోనే ఉన్నారు.

ఉద్దానం కిడ్నీ రోగుల గోడు పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. 2023 డిసెంబరులో పలాసలో వారి కోసం 200 పడకల ఆసుపత్రి తెరుచుకుంది. ఆ ఆశతోనే మీకు రాస్తున్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు విశాఖలో పని మానుకుని తండ్రి దగ్గరే ఉంటోంది. కుడిచేతి వేళ్లు కాస్త కదులుతున్నాయని మొన్న ఫోను చేసి చెప్పింది. ఇప్పుడైనా ఎవరైనా వస్తారేమో అడగండి మాస్టారూ, అంది.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా