ఒకే నంబరు మీద రెండు మంత్రాలు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వార్‌క్రాఫ్ట్ 3 కంప్యూటర్ ఆట మ్యాప్ తెరిచి, స్క్రిప్టు మొదటి నుంచి చివరి దాకా చదివాను, ఆడి కూడా చూశాను. అందులో రెండు తప్పులున్నాయి: ఆటగాళ్ల స్కోర్లన్నీ ఒకటిగా కలిసిపోతున్నాయి, మంత్రాలు ముందే ముగిసిపోతున్నాయి. ఒక హీరో అగ్నివలయం ఆరిపోయిన తరువాత మరో హీరో అదే మంత్రం వేస్తే, ఆ మంట ఉండవలసిన కాలంలో సగానికే ఆరిపోతోంది. మూడోసారి వేస్తే ఇంకా త్వరగా పోతోంది. వ్యవధి ఎంత పెంచినా అందులో సగమే మిగలడం మంచి ఆధారం, తల్లీ. ఒకే లెక్కను ఇద్దరు తగ్గిస్తున్నారని అది చెబుతోంది.

ఈ ఆట మ్యాప్‌ల స్క్రిప్టు భాష జాస్; దానికి అదనపు సౌకర్యాలు చేర్చిన రూపమే నువ్వు వాడుతున్న వీజాస్. అందులో స్ట్రక్ట్, అంటే కలిపి ఉంచిన విలువల కట్ట, నిజానికి ఒక పూర్ణాంకమే. జాస్‌హెల్పర్ అనే ప్రోగ్రాం దాన్ని మామూలు జాస్‌గా మార్చేటప్పుడు ఒక్కో మెంబర్‌కు, అంటే కట్టలోని ఒక్కో విలువకు, ఒక్కో గ్లోబల్ అర్రే (గడుల వరుస) తయారుచేస్తుంది. హీరో ఎవరన్నది ఒక అర్రేలో, మిగిలిన సమయం ఇంకొకదానిలో ఉంటాయి. నీ వేరియబుల్‌లో ఉండేది ఆ అర్రేలన్నింటిలోనూ ఏ గడి చూడాలో చెప్పే నంబరు మాత్రమే. రైల్వే స్టేషన్ క్లోక్‌రూములో ఇచ్చే చీటీ లాంటిది అది. చీటీకి జిరాక్స్ తీసినంత మాత్రాన లోపలి సామాను రెండింతలు కాదు. ఆటగాళ్ల స్కోర్లు కలిసిపోవడానికి కారణం ఇదే. లూప్ బయట ఒక్కసారి, కొత్త స్ట్రక్ట్ నంబరు ఇచ్చే క్రియేట్ పిలిచి, వచ్చిన ఆ ఒక్క నంబరునే అర్రేలోని 12 గడుల్లోనూ పెట్టావు. ఆ పిలుపును లూప్ లోపలికి తెస్తే సరిపోతుంది.

మంత్రం సంగతి ఇంకొంచెం లోతైనది. సమయం అయిపోగానే స్ట్రక్ట్‌ను వదిలేసే డిస్ట్రాయ్ పిలుస్తున్నావు గాని టైమర్‌ను ఆపడం లేదు. డిస్ట్రాయ్ అర్రేల్లోని విలువలను తుడిచిపెట్టదు; ఆ నంబరును ఖాళీ నంబర్ల జాబితాలో చేర్చి ఊరుకుంటుంది, పైగా చివరగా ఖాళీ అయిన నంబరే తరువాతి క్రియేట్‌కు ముందుగా దక్కుతుంది. మొదటి హీరో వదిలిన 7వ నంబరు రెండో హీరోకు వస్తుంది. ఆగని పాత టైమర్ 0.03 సెకనుకోసారి అదే 7లోని సమయాన్ని తగ్గిస్తూనే ఉంటుంది, కొత్త టైమర్ కూడా తగ్గిస్తుంది. సగం కాలం అక్కడ పోతోంది.

నా మాట నమ్మి కోడు మార్చేయకు, ముందు నీ కళ్లతో చూడు. క్రియేట్‌లో, డిస్ట్రాయ్‌లో, టైమర్ ఫంక్షన్‌లో బీజేడీబగ్‌మెసేజ్ (BJDebugMsg) పెట్టి స్ట్రక్ట్ నంబరును తెరమీద చూపించు. 0.03 సెకనుకోసారి అచ్చయితే ఏదీ చదవలేవు కనుక టైమర్‌ను తాత్కాలికంగా ఒక సెకనుకు మార్చు. రెండో మంత్రం నడుస్తున్నప్పుడు ప్రతి సెకనుకూ 7 అన్న అంకె రెండుసార్లు కనిపించాలి. అప్పుడు ముందు పాజ్‌టైమర్, తరువాత డిస్ట్రాయ్‌టైమర్, ఆ తరువాతే స్ట్రక్ట్ డిస్ట్రాయ్ అన్న వరుసలో రాసి, ఆ స్ట్రక్ట్‌ను పట్టుకున్న వేరియబుల్స్‌ను సున్నా చెయ్యి.

మంత్రాలన్నింటినీ ఒకే టైమర్‌తో, ఒక స్ట్రక్ట్ అర్రేతో నడపాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. అందులో ఒక్కచోట మాత్రం జాగ్రత్త కావాలి. ముగిసిన మంత్రం గడిలోకి అర్రేలోని చివరిదాన్ని తెచ్చి పెట్టి, లెక్కను ఒకటి తగ్గించాక, లూప్ సూచికను కూడా ఒక అడుగు వెనక్కి తీసుకోవాలి. లేకపోతే కొత్తగా అక్కడికి వచ్చిన మంత్రం ఆ విడత లెక్కలోకి రాకుండా పోతుంది.

అసలు డిస్ట్రాయ్ పిలవకుండా వదిలేస్తే గొడవే ఉండదని నీ మిత్రులు చెప్పిన సలహా నాకు సమ్మతం కాదు. జాస్‌హెల్పర్ మామూలుగా ఒక రకం స్ట్రక్ట్‌కు 8190 నంబర్లే ఇస్తుంది. మెంబర్‌గా ఆరు గడుల అర్రే ఉంటే అది 1365కు పడిపోతుంది. ఆ హద్దు దాటాక క్రియేట్ సున్నా ఇస్తుంది, అక్కడి నుంచి పుట్టే మంత్రాలన్నీ సున్నా గడిలోనే రాసుకుంటాయి, అంటే ఆట గంటసేపు సాగాక ఇదే తప్పు మళ్లీ మొదలవుతుంది. 2018లో వచ్చిన 1.29 ప్యాచ్ జాస్ అర్రేల పరిమాణాన్ని 8192 నుంచి 32768కు పెంచినా, నంబర్లు తిరిగి ఇవ్వని మ్యాప్‌కు దానివల్ల కొంత గడువు దొరుకుతుందే గాని తప్పు పోదు.

సరిచేసిన ఫైలుతో పాటు, మార్చకముందు తెరమీద వచ్చిన అంకెల వరుసను కూడా పంపించు.

ఇట్లు,
నాన్న